బందరు రోల్డ్ గోల్డ్ మెరుపు సరే.. కడిగిన నీళ్ల సంగతేంటి? బూజు గట్టెక్కిస్తుందా?

చిలకలపూడి బంగారం.. ఈ పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. చవక లోహపు నగకి పల్చటి బంగారు పూత వేస్తే ఎంతటి వాళ్లయినా అసలు బంగారమే అనుకుంటారు. అయితే ఈ మెరుపు వెనక ఓ చిక్కుంది. పూత పనిలో రాగి, నికెల్ లాంటి లోహాల ద్రావణాలు వాడతారు. నగను కడిగిన ప్రతిసారీ కొంత లోహం నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు శుద్ధి కాకుండా డ్రెయిన్‌లో కలిస్తే?

శివారు ప్రాంతాలకే ఎందుకు ముప్పు?

బందరు, గుడివాడ, దివిసీమ.. మూడూ కృష్ణా డెల్టా దిగువనే ఉన్నాయి. పైనుంచి వచ్చేదంతా చివరికి ఇటే చేరుతుంది. కాలువ నీళ్లు చెరువుల్లో నింపుకుని తాగే ఊళ్లు ఇవి. వరి, చేపలు, రొయ్యలు.. అన్నీ ఆ నీళ్ల మీదే.

ఇక్కడో లెక్క చూడాలి. తాగే నీళ్లలో నికెల్ లీటరుకు 0.02 మిల్లీగ్రాములు దాటకూడదు. పరిశ్రమలు వదిలే నీళ్లలో మాత్రం 3 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. అంటే 150 రెట్లు! కాలువ నిండుగా పారితే పలచబడుతుంది. మరి వేసవిలో కాలువలు కట్టేశాక?

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోయినప్పుడు, బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. తర్వాత పురుగుమందుల కోణమూ ముందుకొచ్చింది. కారణం ఏదైనా, కంటికి కనబడని విషం ఎంత భయపెడుతుందో అప్పుడే తెలిసొచ్చింది.

బూజు ఏం చేస్తుంది?

బూజు కణాల గోడల్లో కైటిన్ ఉంటుంది. రొయ్య పెంకులో ఉండేదీ ఇదే. నీళ్లలోని లోహాన్ని ఇది పట్టి ఉంచుతుంది. చచ్చిన బూజు కూడా ఈ పని చేస్తుంది! ఉల్లిపాయ మీద కనిపించే నల్ల బూజు ఆస్పర్‌జిల్లస్ నైగర్‌తోనే ఫ్యాక్టరీల్లో నిమ్మ ఉప్పు తయారుచేస్తారు. అక్కడ మిగిలే బూజు వ్యర్థాన్నే వడపోతకు వాడొచ్చు.

అసలు మెలిక ఇదే

బూజు లోహాన్ని మాయం చేయదు, పట్టుకుంటుందంతే. ఆ బూజును పొలంలో పడేస్తే కథ మళ్లీ మొదటికే. యాసిడ్‌తో కడిగి లోహాన్ని వెనక్కి తీయాలి, లేదా ప్రమాదకర వ్యర్థంగా అప్పగించాలి. లోహం చేరిన చోట పెరిగిన పుట్టగొడుగులు తినకూడదు కూడా.

ఇంకో మాట. దివిసీమ లాంటి ఉప్పునీటి చోట్ల మిగతా లవణాలు పోటీకొస్తాయి, బూజు పట్టు తగ్గుతుంది. కాబట్టి డ్రెయిన్‌లో కలిశాక కాదు, పూత పని జరిగే చోటే నీళ్లను పట్టాలి. ఇంట్లో చిన్న తొట్టి పెట్టుకుని బతికే పనివాళ్ల మీద ఈ ఖర్చు మోపితే కుదరదు. అందరికీ కలిపి ఒకే శుద్ధి కేంద్రం ఉంటేనే బూజు పనికొస్తుంది. లేదంటే ఆ భారం చివరికి శివారు ఊళ్ల మంచినీళ్ల చెరువే మోయాలి.