తీగ వీధి దాకా వస్తే చాలదు

సిడ్నీ శివారు గిరావీన్‌లో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. నూటికి తొంభై ఇళ్లకు ఫైబర్ ఇస్తామని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2009లో ప్రకటించింది. 2013లో ప్రభుత్వం మారాక ఖర్చు తగ్గించాలని చాలాచోట్ల వీధి దాకానే ఫైబర్ వేసి, అక్కణ్నుంచి పాత రాగి తీగలతోనే సరిపెట్టారు. ఆ ఇళ్లకు మళ్లీ ఫైబర్ వేస్తామని 2020లో చెప్పారు. రెండుసార్లు ఖర్చు! అయినా అద్దెకున్నవాళ్లు ఫైబర్ పెట్టించుకోవాలంటే ఇంటి యజమాని ఒప్పుకోవాలి.

గల్ఫ్‌లో మన క్యాంపుల సంగతీ అంతే. కనెక్షన్ కంపెనీ చేతిలో ఉంటుంది. డ్యూటీ దిగి పిల్లల మొహం చూద్దామంటే ఫోన్‌లో బొమ్మ కదలదు. రీచార్జికి మాత్రం మన జీతమే కరుగుతుంది.

నీళ్లు, కరెంటు లాగే నెట్ కూడా క్యాంపు వసతే కావాలి. ఒక్కరు అడిగితే గొణుగుడు అంటారు. గది గదికీ సంతకాలు పెట్టి అందరం కలిసి అడుగుదాం.