ఆకుమచ్చకు ఒకే తరుగా?

వానముసురు పట్టినా, మంచు ఎక్కువైనా క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులపై నల్లమచ్చ కనిపించడం, అది చూసి కొనుగోలుదారులు వెనుకాడడం, బేరాలు మందగించడం మామూలే. అయితే మచ్చ ఉన్న సరుకంతటికీ ఒకే లెక్కన తరుగు తీసే పద్ధతి మాత్రం సమంజసంగా లేదు.

ఈ మచ్చకు మూలం ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం. ముదురు ఆకులపై వలయాలు వలయాలుగా మొదలవుతుంది. క్యాబేజీలో తెగులు ముదరనంత వరకు పై ఆకులు రెండు మూడు ఒలిస్తే లోపలి గడ్డ గట్టిగా, శుభ్రంగానే ఉంటుంది. పోయేది ఆ ఆకుల బరువే. కాలీఫ్లవర్ సంగతి వేరు. మచ్చ పువ్వుకే తగిలితే ఒలవడానికి ఏమీ ఉండదు. మచ్చను చాకుతో గీకి అమ్మజూసేవారూ లేకపోలేదు. గీకిన చోటే త్వరగా నల్లబడుతుంది, కుళ్ళు పట్టేదీ అక్కడే. అలాంటి సరుకుకు ధర బాగా తగ్గించినా తప్పు పట్టలేము.

ఆకు అంచు నుంచి లోపలికి కోణాకారంలో పసుపు దిగి, ఈనెలు నల్లబడితే అది శిలీంధ్రం కాదు, బాక్టీరియా వల్ల వచ్చే నల్ల కుళ్ళు. ఒక గడ్డ మొదలు కోసి చూస్తే కాడలో నల్లని చారలు కనిపించవచ్చు. ఆకులు ఒలిచినందువల్ల దానికి విరుగుడు లేదు. లాటుకు ఒక గడ్డ కోసి చూడడం పెద్ద నష్టమేమీ కాదు.

చిత్తూరు జిల్లా పలమనేరు, వి.కోట, కుప్పం ప్రాంతాల నుంచి చెన్నై కోయంబేడుకు వెళ్ళే సరుకు విషయంలో ఇది మరీ ముఖ్యం. తడి ఆరకముందే గోతాల్లో కుక్కి, టార్పాలిన్ బిగించి రాత్రంతా లారీలో నడిపితే, ఎక్కించినప్పుడు చుక్కగా ఉన్న మచ్చ దింపేసరికి పెద్దదవుతుంది. ఆ నష్టంలో రైతు వంతు ఎంత, లారీలో జరిగినది ఎంత అన్నది ఎవరూ అడగరు. తరుగు మాత్రం రైతు లెక్కలోనే పడుతుంది.

లాట్లు కలిసిపోతాయి, ఒక్కొక్కటి చూసే తీరిక ఉండదు అని కమీషన్ ఏజెంట్లు చెప్పే మాటలో నిజం ఉంది. కాని పొలంలోనే ఆకులు ఒలిచి, ఆరబెట్టి తెచ్చిన రైతుకూ, తడి సరుకు తెచ్చిన రైతుకూ ఒకే కోత పడితే, మరుసటి లాటుకు మొదటి రైతు కూడా ఒలవడు. ఆ ఆకులన్నీ యార్డులో కుప్పపడతాయి. సరిగా చివకకుండానే వాటిని ఎరువుగా తోలుకుపోతే మచ్చ తిరిగి పొలానికే చేరుతుంది.

ఒలిచి, ఆరబెట్టిన క్యాబేజీని వేరుగా పాటకు పెట్టి, దానికి తరుగు లేకుండా కొనడం రానున్న సీజనులో ఒకటి రెండు మండీలైనా మొదలుపెట్టవచ్చు.