ఓటు కాయితమే పత్రిక అయిన జిల్లా

సూర్యాపేట బస్టాండు కాడ పొద్దుగాల ఛాయ్ తాగేటోళ్లను చూడండి. పేపర్ చేతిలకు రాంగనే మెయిన్ పేజీ తియ్యరు. నడుమ మడత పెట్టిన జిల్లా పేపర్ గుంజుకుంటరు. మన ఊరి మీటింగు, మన సర్పంచి లొల్లి, మన రోడ్డు మీద యాక్సిడెంటు అన్నీ అండ్లనే ఉంటయి. ఫొటో పడితే కత్తిరించి దాచుకుంటరు. 'మన వార్త వచ్చింది' అని సంబురపడతరు.

ఏ పేజీల వచ్చింది? ఎవరు చదివిండ్రు? ఈ రెండు ప్రశ్నలు మాత్రం ఎవరూ అడగరు.

1989లో ఈనాడు జిల్లాకో టాబ్లాయిడ్ మొదలుపెట్టింది. తర్వాత పెద్ద పత్రికలన్నీ అదే బాట పట్టినయి. దానితోటి మంచి జరగలేదని అనం. మండలానికో విలేకరి వచ్చిండు. ఆఫీసుల లంచం, బడిల పంతులు లేని సంగతి అచ్చుల పడ్డది. కానీ ఆ మడతలనే ఓ గోడ గూడ లేచింది. మన జిల్లా పేజీ జిల్లా పొలిమేర దాటదు. కోదాడ దాటితే జగ్గయ్యపేట ఎంత దూరం? కోదాడ రైతు నీళ్ల కోసం రోడ్డెక్కితే, ఆ వార్త ఆ మాత్రం దూరం గూడ పోదు. అక్కడ ఇంకో జిల్లా పేజీ, ఇంకో లోకం. మన గోస మనమే రాసుకుంటం, మనమే చదువుకుంటం, మళ్ల మనమే ఏడుస్తం.

ప్రజాభిప్రాయం జిల్లా పేజీల తయారు కాదు. రాజధానిల మంత్రి, సెక్రటరీ పొద్దుగాల ముందుగాల చూసేది మెయిన్ పేజీ. అండ్ల లేని ఊరు వాళ్ల లెక్కల లేనట్టే. అబద్ధం రాసుడు ఒక్కటే మోసం కాదు. ఏ నిజాన్ని ఎక్కడ పెట్టాలె, ఎంతమందికి చూపెట్టాలె అని తేల్చుడు గూడ పెత్తనమే. అబద్ధాన్ని ఖండించొచ్చు. మూల పేజీల పండబెట్టిన నిజాన్ని ఏమని ఖండిస్తం?

నమ్మకుంటే 1996 యాది చేసుకోండి.

కృష్ణమ్మ నల్లగొండ జిల్లా అంచుల పొంటే పారుతది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసిండు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం, కృష్ణా జిల్లాలకు పోయింది. అదే జిల్లాల మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు మాత్రం జనం బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ తాగిండ్రు. పండ్లు పసుపుబారినయి, బొక్కలు వంకరపోయినయి. పడుచోళ్లు ముసలోళ్ల లెక్క నడుములు వంగిండ్రు. ఇది ఒక్క రోజుల జరిగింది కాదు. తరాల కొద్దీ జరిగింది. జిల్లా పేజీల వార్తలు వచ్చినయి. వచ్చి అక్కడనే ఆగినయి.

అప్పుడు జలసాధన సమితి లేచింది. దాన్ని నడిపిన దుశర్ల సత్యనారాయణ మన సూర్యాపేట పక్క మోతె మండలం రాఘవాపురం మనిషే. 1996 లోక్‌సభ ఎన్నికలల్ల నల్లగొండ స్థానానికి 480 మంది పోటీల నిలబడ్డరు. ఆ నామినేషన్లల్ల ఎక్కువ శాతం గెలవడానికి వేసినయి కావు, నీళ్ల గోస దేశానికి చెప్పడానికి వేసినయి. ఓటు కాయితం కాయితం లెక్క లేదు, పుస్తకమంత అయింది. ఆలోచించండి. పేపర్లల్ల జాగ దొరకని జనం ఓటు కాయితాన్నే పత్రిక చేసుకున్నరు. సర్కారే అచ్చేసి, సర్కారే ఊరూరికి మోసిన పత్రిక అది!

మరి దేశం ఏం చదివింది? 480 అనే అంకె చదివింది. ఇప్పటికీ నల్లగొండ 1996 అంటే 'రికార్డు అభ్యర్థులు' అని జనరల్ నాలెడ్జి బిట్టు లెక్క అప్పజెప్తరు. ఫ్లోరైడ్ మాట ఆ బిట్టుల ఉండదు. వింత మిగిలింది, వ్యథ ఎగిరిపోయింది. ఢిల్లీ గూడ వింతకే జవాబిచ్చింది. అదే ఏడు తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంల 1,033 మంది, కర్ణాటక బెల్గాంల 456 మంది నిలబడ్డరు. వెంటనే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచిండ్రు. నీళ్లు అడిగితే ఫీజు పెంచిండ్రన్నట్టు! ఊరికి నల్లా రాకముందే నామినేషన్‌కు తాళం పడ్డది.

2019లో నిజామాబాద్ రైతులు మళ్లీ అదే దారి పట్టిండ్రు. పసుపు, ఎర్రజొన్నల ధర కోసం 178 మంది రైతులు నిలబడ్డరు. మొత్తం అభ్యర్థులు 185. టీవీల ముచ్చటంతా ఎన్ని ఓటు యంత్రాలు పేర్చాల్నో దాని మీదనే నడిచింది. పసుపు క్వింటాలు ధర ఎంత అన్న ముచ్చట ఎన్కకు పోయింది. ఇరవై మూడేండ్ల తర్వాత గూడ అదే పాఠం.

ఇంకో లెక్క చూడండి. శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తెచ్చే ఎస్సెల్బీసీ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లది. దాని కోసం జిల్లా ఎన్నేండ్లు మొత్తుకుందో మీకెరుకే. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం కూలి 8 మంది లోపల చిక్కిండ్రు. అప్పుడు కెమెరాలన్నీ దోమలపెంట కాడ దిగినయి. రావాల్సిందే, తప్పులేదు. కానీ 480 మంది బతికుండి చెప్తే ఎక్కని సంగతి, 8 మంది మన్నుల పడితేనే మెయిన్‌కు ఎక్కాల్నా? మనం చస్తేనే వార్తనా?

'రాష్ట్రం వచ్చింది గదా, ఇంకెందుకు ఈ లొల్లి' అని అడిగేటోళ్లున్నరు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మిషన్ భగీరథ నల్లాలూ వచ్చినయి. వంగిన బొక్కలు మాత్రం సాపుగావు. పత్రికలల్ల, చానెళ్లల్ల మనోళ్ల పేర్లూ పెరిగినయి. అయినా గోడ పోలేదు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు చీలినంక గోడలు ఇంకిన్ని లేచినయి. కోదాడ సూర్యాపేట జిల్లాల పడ్డది, మిర్యాలగూడ నల్లగొండల ఉండిపోయింది. ఒకే ఎడమ కాల్వ నీళ్లు తాగే రెండు ఊర్లు ఇప్పుడు రెండు జిల్లా పేజీలు చదువుతున్నయి. కాల్వ కలిపిన రైతులను పేపర్ విడదీసింది. యజమాని ఊరు మారితే చాలదు, పేజీ మారాలె.

మండల విలేకరులను తిట్టుడు కాదిది. మాకు తెలిసిన ఒక విలేకరి చెప్పిండు: 'అన్నా, రాసి పంపేదాంక నా పని. ఎక్కడ వెయ్యాల్నో డెస్కోళ్ల చేతుల ఉంటది. నన్ను యాడ్ల టార్గెట్ ఎంతయిందనే అడుగుతరు.' ఎవరి కాడ యాడ్ తేవాల్నో, వాళ్ల మీదనే వార్త రాయమంటే ఎట్ల రాస్తడు?

చేతిల ఫోనుంది, మనమే మీడియా అని పిల్లలు అంటున్నరు. నిజమే. కానీ ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టి ఊకుంటే అది ఇంకో జిల్లా పేజీయే. గోడ లోపల అరిచినట్టే.

మన పెద్దలు అట్ల ఊకోలేదు. నిజాం రాజ్యంల 1922లోనే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చిండు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' పెట్టిండు. తెలంగాణల కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతోటి సంచిక అచ్చేసి జవాబిచ్చిండు. ఆయన తిట్టలేదు, మొక్కలేదు. లెక్క చూపిండు. ఎవరూ దాచలేని జాగల పెట్టిండు.

మనం చేయాల్సిందీ అదే. రేపు పొద్దుగాల పేపర్ రాంగనే జిల్లా పేజీల వార్త చదివి, మెయిన్ తిరగెయ్యండి. అది అండ్ల లేకుంటే ఎందుకు లేదని ఎడిటర్‌కు ఉత్తరం రాయండి. ఒక్కరు కాదు, వందమంది రాయండి. మిర్యాలగూడ రైతు కోదాడ వార్త అడగాలె. కోదాడ రైతు మునుగోడు వార్త అడగాలె. పైసలిచ్చి కొంటున్నం గదా, అడిగే హక్కు మనది.

అడగకుంటే ఏమైతది? ఇంకో తరం మళ్లీ ఓటు కాయితం మీదనే తన గోస రాసుకోవాల్సి వస్తది.