పాత డీజిల్ కారులో గలగల: భాగం మార్చే ముందు చెవి పెట్టండి

సంజామల నుండి నంద్యాల ఆసుపత్రికో, ఆళ్లగడ్డలో బంధువుల నికాహ్‌కో కుటుంబమంతా బయలుదేరవలసి వస్తే అనేక ఇళ్లలో అక్కరకు వచ్చేది పది పదిహేనేళ్ల నాటి డీజిల్ కారే. ఈ ప్రాంతపు నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది; దానిపై వేసిన రోడ్లు ఎగుడుదిగుడులవుతాయి. కనుక పాత కారులో ఏదో ఒక భాగం వదులై గలగలమనడం వింత కాదు. కారణం తెలియకుండానే ఇంజిన్ విప్పించడానికి తలూపితే సొమ్ము నష్టం. "పాత బండి కదా, మామూలే" అని వదిలివేస్తే ఒక్కొక్కసారి ప్రాణాలకే ముప్పు. ఈ రెంటి నుండీ కాపాడేది శ్రద్ధగా వినడమే.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని సుమారు 16 నుండి 22 రెట్లు అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అందువల్ల కొంత టకటక దాని స్వభావం. నిన్నటి వరకు లేని శబ్దమే మనం పట్టించుకోవలసినది. అది ఎక్కడి నుండి వస్తున్నదో మనకు తెలియకపోవచ్చు. ఎప్పుడు వస్తున్నదో మాత్రం గమనించగలం. మరమ్మతులో సగం పని అక్కడే పూర్తవుతుంది.

తెల్లవారి స్టార్ట్ చేయగానే వచ్చే శబ్దం: ముందుగా ఇంజిన్ ఆపి, సమతలంపై నిలిపి, ఆయిల్ మట్టం చూడండి. 2007లో స్విఫ్ట్‌తో మొదలై 2020 వరకు మారుతి కార్లలో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైను ఉంటుంది. దానిని బిగుతుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ పీడనంతో పనిచేస్తుంది. ఆయిల్ తగ్గినా, చైను సాగినా ముందు భాగంలో గలగల వినిపిస్తుంది. అది క్షణకాలంలో ఆగక కొనసాగితే జాప్యం చేయరాదు. చైను పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం పాడవుతుంది. పాత ఇండికా 1.4 లీటర్ల ఇంజిన్‌లో చైనుకు బదులు బెల్టు ఉంటుంది. అది హెచ్చరించకుండానే తెగిపోగలదు కాబట్టి గడువు ప్రకారం మార్చవలసిందే.

నిలిచి ఉన్నప్పుడు వచ్చి, కొద్దిగా ఆక్సిలరేటర్ నొక్కగానే తగ్గే శబ్దం: సైలెన్సర్ మీది రేకు, దాని క్లాంపు, ఇంజిన్ మౌంటింగులు చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాత రేకును చేతితో తట్టితే వదులు తెలుస్తుంది. ఒక బోల్టుతో తీరిపోయే పని ఇది. ఆపేటప్పుడు కారంతా గట్టిగా కుదిపితే మౌంటింగును అనుమానించాలి. క్లచ్ నొక్కినప్పుడు శబ్దం మొదలైతే క్లచ్ బేరింగును, నొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ వైపును పరిశీలింపజేయాలి. ఏసీ వేసినప్పుడే వస్తే కంప్రెసర్‌ను చూపించాలి.

రోడ్డు మీద, గుంతల్లో మాత్రమే వచ్చే లొడలొడ: ఇంజిన్‌కు దీనితో సంబంధం ఉండదు. లింక్ రాడ్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, బాల్ జాయింట్లు చూడాలి. ఒక పక్క చక్రమే గుంతలో దిగినప్పుడు శబ్దం ఎక్కువైతే మొదట లింక్ రాడ్‌ను చూడడం మేలు. బాల్ జాయింటు, స్టీరింగ్ రాడ్ అరిగితే చక్రం అదుపు తప్పే ప్రమాదముంది. వాటిలో లోపం ఉన్నదని తేలిన కారులో పిల్లలను ఎక్కించుకొని ప్రయాణం చేయకండి.

చడావు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు పెరిగే గట్టి టకటక: ఇంజెక్టర్ లోపం కావచ్చు. పూర్వపు పంపు ఇంజిన్లలో మెకానిక్‌లు ఇంజెక్టర్ పైపులను ఒక్కొక్కటిగా వదులు చేసి దోషమున్న దానిని గుర్తించేవారు. కామన్ రైలు ఇంజిన్‌లో ఆ పద్ధతి అనుసరించరాదు. వాటిలో ఇంధన పీడనం వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు మించగలదు; సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అక్కడ స్కానర్‌తో పరీక్షించడమే క్షేమం.

రెండు జాగ్రత్తలు మరువరాదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ దీపం వెలిగితే వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాలి. ఇల్లు దగ్గరే కదా అని నడపరాదు. జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కిందికి ఎవరూ దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టిన తరువాతే దూరాలి.

షెడ్డుకు వెళ్లే ముందు ఒక కాగితంపై రాసుకోండి: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా? నిలిచినప్పుడా, కదిలినప్పుడా? ఏ వేగంలో, ఏ వైపున? నడిపేవారి చెవికి వెనుక శబ్దం సరిగా అందదు. అమ్మనో, పెద్ద పిల్లలనో వెనుక సీటులో కూర్చుండబెట్టి వినమనండి. అద్దాలు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి. తరువాత మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకొని అదే రోడ్డులో ఆ శబ్దం వినిపించండి. చవకైన అనుమానాలను ముందు తీర్చమని, మార్చిన పాత భాగాన్ని చూపమని మర్యాదగా అడగండి. పని పూర్తయ్యాక డబ్బు చెల్లించే ముందు అదే రోడ్డులో అదే వేగంతో మళ్లీ నడిపి వినండి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. పొడిగింపు కోసం దానిని తనిఖీకి తీసుకువెళ్లవలసి ఉంటుంది. ఏ తేదీన ఏ శబ్దం విన్నారో, ఏ భాగం మార్చారో ఒక పుస్తకంలో రాసి బిల్లులతో భద్రపరచండి. ఆ రోజున కారును ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది ఇంటివారంతా లెక్క చూసుకొని నిర్ణయించుకోగలుగుతారు.