సినిమా పేరు గేమ్‌కి అమ్మే ముందు రెండు షరతులు రాయించండి

ఫిలింనగర్, జూబ్లీహిల్స్ నిర్మాతలకు, ఫిల్మ్ చాంబర్ పెద్దలకు, నటుల సంఘం ‘మా’ సభ్యులకు విజ్ఞప్తి

వీడియో గేమ్‌లంటే విసుగెత్తిన ఆటగాళ్లు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నారు. గ్రాఫిక్స్ ఎన్నడూ లేనంత బాగున్నాయి, కథలకూ కొదవ లేదు. అయినా విసుగు దేనికంటే, ఎంత డబ్బు పెడితే ఏం వస్తుందో ముందు చెప్పరు. కొన్న ఆట ఎన్నాళ్లుంటుందో అసలే చెప్పరు. ఆటగాడు ఒక్కడు గొంతు చించుకుంటే కంపెనీ వినదు. ప్రభుత్వం వినేసరికి ఏళ్లు గడుస్తాయి. సినిమా పేరునో హీరో ముఖాన్నో గేమ్‌కి ఇచ్చేవాళ్ల మాట మాత్రం ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే చెల్లుతుంది. అందుకే ఈ కరపత్రం మీకు రాస్తున్నాం.

ఫోన్లో ఆడే ఫ్రీ గేమ్‌లలో స్పిన్ పేజీ ఒకసారి నిదానంగా చూడండి. ముందు రూపాయలు కట్టించుకుని యూసీలో, డైమండ్లో, ఆ ఆట సొంత నాణేలు టాప్-అప్ చేస్తారు. అక్కడి నుంచి ధరలన్నీ వాటిల్లోనే ఉంటాయి, రూపాయి గుర్తు ఇక కనిపించదు. ప్యాక్‌లో వచ్చేవాటికీ స్పిన్ ధరకీ లెక్క కుదరక కొన్ని మిగిలిపోతాయి, అవి వృథా కాకూడదంటే ఇంకో ప్యాక్ కొనాలి. మధ్యలో గన్ స్కిన్, అంటే తుపాకీకి తొడిగే కొత్త రూపు, మెరుస్తుంటుంది, పైన టైమర్ తరుగుతుంటుంది, చక్రం ఆ స్కిన్ దాకా వచ్చి పక్క గడిలో ఆగుతుంది. ఇందులో ఆడేవాడి నేర్పుతో పనేముంది? టికెట్ కొని లోపల కూర్చున్న ప్రేక్షకుణ్ణి ఇంటర్వెల్లో లాటరీ తిప్పమని, తగిలితేనే క్లైమాక్స్ చూపిస్తామంటే ఏ థియేటరైనా ఆ రోజు నిలబడుతుందా?

పేరిచ్చినవాళ్ల మాటకు ఎంత బలముందో 2017 నవంబరులో ప్రపంచం చూసింది. ‘స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2’ అనే గేమ్‌ని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ విడుదల చేసింది. ఈ కంపెనీకి మన హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉంది. పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లకు కూడా డార్త్ వేడర్ పాత్ర కావాలంటే మొదట 60,000 క్రెడిట్లు పెట్టారు, బలాన్ని పెంచే కార్డుల్ని అదృష్టం మీద తెరిచే డబ్బాల్లో దాచారు. ఆటగాళ్లు భగ్గుమంటే క్రెడిట్ల లెక్క తగ్గించారు గానీ డబ్బాలు తీయలేదు. విడుదలకు ముందురోజు ఉన్నట్టుండి ఆట లోపలి అమ్మకాలన్నీ ఆపేశారు. స్టార్ వార్స్ పేరుకు యజమాని అయిన డిస్నీ అసంతృప్తే దీనికి కారణమని అప్పట్లో పత్రికలు రాశాయి. తర్వాతి ఏడాది అమ్మకాలు తిరిగొచ్చినా, బలాన్నిచ్చే కార్డులు మాత్రం డబ్బుకు దొరకలేదు. స్టార్ వార్స్ లాంటి పేర్లు మన దగ్గర లేవా? 2017లోనే ‘బాహుబలి: ది గేమ్’ వచ్చింది, అలాంటివి ఇంకా వస్తాయి.

చట్టం చూసుకుంటుందిలే అని ఊరుకోవడానికి లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు పందెపు ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి, వాటి ప్రకటనలకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. అంతకు కొన్ని నెలల ముందే బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద మియాపూర్ పోలీస్ స్టేషన్లో నటుల పేర్లతో కేసు నమోదై, పరిశ్రమ పరువు వీధిన పడింది. అయితే ఆ చట్టం పట్టుకునేది డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆటని. గెలిచింది తిరిగి డబ్బుగా మారని స్కిన్ అయితే ఆ పట్టు సడలుతుంది. లేని తొందర పుట్టించి అమ్మడంతో మొదలుపెట్టి 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవాళ్లను బోల్తా కొట్టించే డిజైన్లను, కేంద్రం 2023లో నిషేధించింది, కానీ ఒక్కో గేమ్ మీద ఫిర్యాదు చేసి తేల్చుకోవడం తల్లిదండ్రుల వల్ల అయ్యే పని కాదు.

ఇక కొన్న ఆట మాయమవడం. 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే కార్ల గేమ్‌ని యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న సర్వర్లు ఆపి చంపేసింది. ఒంటరిగా కారు నడుపుకుందామన్నా కుదరదు. దాని మీద లేచిన ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఈ నష్టం ఏమిటో ఫిలింనగర్‌కు ఒకరు చెప్పాలా? రఘుపతి వెంకయ్య పేరిట అవార్డులు ఇచ్చుకుంటున్నాం, ఆయన కాలం నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ సినిమా చూద్దామంటే మాత్రం ప్రింటు లేదు. అప్పట్లో ఫిల్ము పాడైందంటే దాచే వసతి లేక. ఇప్పుడు మీ పాత్రలతో తయారైన ఆట పోతే, పోనివ్వమని ఒప్పుకున్నందుకే పోతుంది.

ఇష్టమైతేనే కొంటారు, బలవంతం ఎవరిది అంటారు. ఫోర్ట్‌నైట్ గేమ్‌లో పొరపాటున నొక్కినా కొనుగోలు అయిపోయేలా బటన్లు పెట్టారన్న ఆరోపణ మీద ఎపిక్ గేమ్స్ 2022లో అమెరికాలో 24.5 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇష్టాన్ని కూడా డిజైన్ చేయొచ్చు. అదృష్టపు డబ్బాలు తీసేస్తే గేమ్ బతకదన్న వాదనకు బెల్జియం చూడండి: 2018లో వాటిని జూదమని తేల్చాక ఫిఫా ఫుట్‌బాల్ గేమ్‌లో ఆ డబ్బాలు తెరిచే పాయింట్ల అమ్మకం అక్కడ ఆపారు, ఆట ఆగలేదు. స్కిన్లు అమ్మొద్దని మేమూ అనడం లేదు. ఏది అమ్మినా రూపాయల్లో ధర వేసి నేరుగా అమ్మండి. సర్వర్లు ఎల్లకాలం నడపలేరన్నది నిజమే, ఆ ఖర్చు చిన్నది కాదు. కానీ మేమడిగేది సర్వర్లు ఆపే రోజున ఆఫ్‌లైన్ కాపీ. ‘ది క్రూ’ తర్వాతి భాగాలకు ఆఫ్‌లైన్ పద్ధతి తెస్తామని అదే యూబీసాఫ్ట్ 2024లో ప్రకటించింది. మొదటి నుంచీ ఆ ఆలోచనతో కడితే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

కాబట్టి ఫిల్మ్ చాంబర్, నిర్మాతల మండలి, ‘మా’ కలిసి ఒక నమూనా ఒప్పందం తయారు చేయాలి. మా సినిమా పేరు, పాత్ర, ముఖం వాడిన గేమ్‌లో అదృష్టం మీద ఆధారపడ్డ అమ్మకం ఉండకూడదన్నది మొదటి షరతు. ఆట మూసేటప్పుడు ఆరు నెలల ముందు చెప్పి ఆఫ్‌లైన్ కాపీ ఇవ్వాలన్నది రెండోది. థియేటర్, శాటిలైట్, డిజిటల్ హక్కులకు పేజీలు పేజీలు రాయించే నిర్మాత గేమింగ్ హక్కుల్ని ‘ఇతర హక్కులు’ అన్న ఒక్క ముక్కలో వదిలేయకూడదు. టైటిల్ రిజిస్టర్ చేసుకోవడానికి వచ్చిన ప్రతి నిర్మాతకూ ఆ నమూనా కాగితం చేతికిచ్చి పంపండి. పాత ఒప్పందాల్లో, రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఈ రెండు షరతులూ చేర్పించండి.