మందు కొట్టే ముందు మట్ట తిప్పి చూడండి

ఎండలు ముదరకముందే ఈ మాట చెప్పాలి. కొబ్బరి మట్టల అడుగున తెల్లటి మైనపు చుట్టలు, కింది ఆకుల మీద జిగట, దాని మీద నల్లని మసి. ఇవి కనబడగానే చెయ్యి మందు డబ్బా మీదికి పోతుంది. దయచేసి ఒక్కరోజు ఆగండి.

ఇదంతా సర్పిలాకార తెల్లదోమ పని. అది మన దేశంలో తొలిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడింది. కొద్ది నెలల్లోనే కడియం దాకా వచ్చింది, ఆ తర్వాత గోదావరి జిల్లాల తోటల్లో పరుచుకుంది. కొబ్బరితో సరిపెట్టుకోలేదు. అరటి, జామ, ఆయిల్‌పామ్, దేన్నీ వదల్లేదు. అయితే దాని శత్రువు కూడా మన తోటల్లోనే ఉంది. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే కందిరీగ అది. పేరుకే కందిరీగ, మనల్ని కుట్టదు, మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి వచ్చిన పురుగు లోపలి నుంచి తెల్లదోమను తినేస్తుంది. పైసా ఖర్చు లేని ఈ కాపలాను మన చేతులతో మనమే చంపుకోబోతున్నామన్నదే నా భయం.

అసలే ఆ కందిరీగకు వాతావరణం కుదరాలి. గాజు ఇళ్లలో టమాటా పంటకు వాడే దీని దాయాది ఎన్‌కార్సియా ఫార్మోసా, 18 డిగ్రీలకన్నా చల్లబడితే సరిగ్గా ఎగరలేదు, 30 దాటితే ఎక్కువ రోజులు బతకదు. మన కందిరీగకు వేడి కొత్త కాదు. అయినా 40 డిగ్రీల ఎండలో, నీడా తేమా లేని తోటలో అది తట్టుకోవడం కష్టం. అదే పొడి వాతావరణం తెల్లదోమకు కలిసొస్తుంది. మట్టిరోడ్డు పక్క చెట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆకు మీద దుమ్ము పేరుకుంటే కందిరీగ వెతుకులాట మాని ఒళ్లు దులుపుకోవడంతోనే సరిపెడుతుంది. జిగట ఎక్కువైతే కాళ్లకు అంటుకుంటుంది. ఆ జిగట కోసం చేరిన చీమలు కందిరీగను దగ్గరికి రానివ్వవు.

ఇన్ని కష్టాల మీద మనం ఘాటు పురుగుమందు కొడితే? మైనం కింద దాగిన తెల్లదోమ పిల్లలు చాలావరకు బతికిపోతాయి, బయట తిరిగే కందిరీగలు ముందు పోతాయి. మందునే నమ్ముకుంటే ఏమవుతుందో ఇదివరకే తేలింది. ఇంగ్లండులో 1926లో టమాటా ఆకుల మీద నల్లబడిన తెల్లదోమ పిల్లలను గమనించి, వాటిలోని ఫార్మోసా కందిరీగను ఏళ్ల తరబడి పెంచి పంచారు. 1940ల్లో డీడీటీ పురుగుమందు రాగానే కందిరీగను పక్కన పెట్టేశారు. తెల్లదోమ మందులకు లొంగడం మానేశాక మళ్లీ ఆ కందిరీగ దగ్గరికే వెళ్లారు.

అందుకే ముందు చూడండి. దింపు తీసేటప్పుడు ఒక ఆకు ముక్క కోయించి, అడుగువైపు మైనాన్ని మెల్లగా తుడిచి, భూతద్దం పెట్టండి. ఖాళీ డొల్ల వీపు అడ్డంగా, నిలువుగా చీలి ఉంటే అందులోంచి తెల్లదోమ లేచిపోయింది. గుండ్రటి చిన్న కన్నం ఉంటే కందిరీగ తొలుచుకుని వచ్చినట్టు. గుండ్రటి కన్నాలు తగులుతున్నాయంటే ఆ తోటలో మందు జోలికి పోవద్దు.

అవి కనబడకపోయినా కంగారు వద్దు. కన్నాలు ఎక్కువున్న తోట నుంచి, ఇంకా పగలని డొల్లలున్న ఆకు ముక్కలు తెచ్చి మీ చెట్లకు కట్టండి. మధ్యలో అరటి, మెట్టతామర ఉంటే కందిరీగ నిలదొక్కుకుంటుంది. అందినంత మేర అడుగు ఆకులకు నీళ్లు గట్టిగా కొట్టండి, దుమ్మూ జిగటా రెండూ పోతాయి. మసికి పలచని గంజి చాలు, ఎండి పెచ్చులుగా రాలిపోతుంది. ఆముదం రాసిన పసుపు అట్టలు తెల్లదోమ ముసిరినప్పుడే కట్టి, తగ్గగానే తీసేయండి. వాటికి కందిరీగలూ అంటుకుంటాయి. తెల్లదోమను చంపే ఇసారియా శిలీంధ్రం కొట్టాలనుకుంటే సాయంత్రం, గాలిలో తేమ ఉన్నప్పుడే కొట్టండి. దొరక్కపోతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి.

పక్క తోట వాళ్లతో కూడా ఈ వారమే మాట్లాడండి. వాళ్లు కొట్టిన మందు గట్టు దగ్గర ఆగదు.