ఊదితే దొరకని మత్తు

ఆంధ్రప్రదేశ్ పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి,

రాత్రి తనిఖీల్లో మీ సిబ్బంది కుర్రాళ్ల చేత గొట్టంలో ఊదిస్తారు. ఆ పరికరం పట్టేది మద్యాన్నే. గంజాయి తాగి బండెక్కినవాడు సున్నా చూపించి వెళ్లిపోతాడు. ఈ సంగతి మా విశాఖలో కాలేజీ పిల్లలకు బాగా తెలుసు.

‘గంజాయి తాగితే నెమ్మదిగా, జాగ్రత్తగా నడుపుతాం’ అని చాలామంది నిజంగానే నమ్ముతారు. నెమ్మదిగా వెళ్లినా, పాప అడ్డొస్తే సమయానికి బ్రేకు పడాలి కదా! గంజాయి దూరాన్నీ కాలాన్నీ అంచనా కట్టే శక్తిని దెబ్బతీస్తుంది, స్పందనను మందగింపజేస్తుంది. దానికి బీరు తోడైతే మరీ ప్రమాదం. వెనక కూర్చున్న స్నేహితుడు, రోడ్డు దాటే ముసలమ్మ ఏం పాపం చేశారు?

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం మాదకద్రవ్యాల మత్తులో నడపడమూ నేరమే. కానీ మద్యానికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములని హద్దు ఉంది, గంజాయికి అలాంటి అంకె లేదు. కాబట్టి రుజువు పకడ్బందీగా ఉండాలి.

గంజాయి సరుకును అడ్డుకోవడానికి పోలీసు శాఖలో ఈగల్ అనే ప్రత్యేక బృందాన్ని పెట్టారు, మంచిదే. దాన్ని తాగి నడిపేవాడి సంగతీ చూడండి. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 2004 నుంచే గంజాయిని పట్టడానికి రోడ్డుమీద లాలాజల పరీక్షలు చేస్తున్నారు. ప్రతి రాత్రి తనిఖీలోనూ ఆ పరీక్షల కిట్లు ఉంచండి. పాజిటివ్ వస్తే రక్తపరీక్షతో నిర్ధారించండి. మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు. ఎప్పుడో తాగినదీ అందులో రోజుల తరబడి కనిపిస్తుంది, ఆ రాత్రి మత్తులో లేనివాడు ఇరుక్కుంటాడు. తొలిసారి దొరికిన కుర్రాళ్ల తల్లిదండ్రులను పిలిపించి, డీఅడిక్షన్ కేంద్రానికి పంపే ఏర్పాటూ చేయండి.

ఇట్లు,
విశాఖపట్నం పౌరుడు